ఉప్పు జాడీకి కాపలా

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. ఉప్పు జాడీకి కాపలా కాయడం. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ ఉద్యోగాన్ని నేనెంత శ్రద్ధగా చేశానో తలుచుకుంటే, అరవై దాటిన ఈ వయసులో కూడా, గదిలో ఒక్కదాన్నే ఉన్నా సరే, ముఖం ఎక్కడైనా దాచుకోవాలనిపిస్తుంది.

మేమప్పుడు బళేపేటలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. మధ్యలో వాకిలి, చుట్టూ ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే కొళాయి, ఒకటే మరుగుదొడ్డి. మాది మేడ మీది భాగం. కింద వీధివైపు మా గాజుల అంగడి. మా తాత హిందూపురం పక్కనుంచి వచ్చి పెట్టుకున్న అంగడి అది. మా నాయన, చిన్నాయన దాన్ని చూసుకునేవాళ్ళు. మేడమీద ఆడవాళ్ళు గాజులను సైజుల ప్రకారం ఏరి, డజను డజను దారంతో కట్టి, తట్టలో పెట్టి కిందికి దించేవాళ్ళు. మెట్లు ఇరుకు. సగం దిగాక ఒక మలుపు, అక్కడ మనిషి నిలబడేంత చోటు. మేడమీదికి కూడా ఒక కొళాయి పెట్టించారు గానీ దాంట్లో నీళ్ళు వచ్చిన పాపాన పోలేదు. తిప్పితే ఉస్సుమని గాలి వచ్చేది, అంతే. నీళ్ళన్నీ కిందనుంచి బిందెలతో మోసుకోవలసిందే.

మా తాతకు బీపీ ఎక్కువగా ఉంది, ఉప్పు తగ్గించండి అని డాక్టరు చెప్పాడు. ఆ రోజునుంచి మా అవ్వకు ఉప్పంటే పాము కనబడినట్టే. ఒక్క తాతకు తగ్గిస్తే సరిపోయేది. వేరువేరుగా ఎవరు వండుతారని ఇంటిల్లిపాదికీ తగ్గించేసింది. పైగా మా తాతకు జిహ్వచాపల్యం ఎక్కువ. అందరూ పనుల్లో ఉన్నప్పుడు పిల్లిలాగా వంటింట్లో దూరి, ఇంత ఉప్పు చేతిలో వేసుకుని మామిడికాయ ముక్క అద్దుకునేవాడు. ఆయన్ను పట్టుకోవడానికి అవ్వ నన్ను పెట్టింది. పట్టిస్తే బెల్లంముక్క. నేను వారానికి రెండుసార్లు తక్కువ కాకుండా పట్టించేదాన్ని. "నీ ఇల్లు బంగారం కానూ, మళ్ళీ పట్టిస్తివా" అని ఆయన నవ్వేవాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ విసుక్కునేది. అవ్వ మాత్రం ఈ ఇంటికి కళ్ళు నా మనవరాలేనని పదిమందిలో చెప్పేది. నాకు బెల్లం కంటే ఆ మాట తీపి. మెచ్చుకుంటే చాలు, ఎవరి మీదైనా చాడీ చెప్పడానికి సిద్ధంగా ఉండే పిల్లను నేను. ఇప్పుడు దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు.

అంతలో చిన్నాయనకు పెళ్ళయి చిన్నమ్మ వచ్చింది. మదనపల్లి దగ్గరి పల్లె వాళ్ళది. ఇరవై ఏళ్ళు నిండని సన్నపాటి మనిషి. పొద్దున మెలకువ వచ్చినా వెంటనే లేచేది కాదు, చాప మీదే కొంతసేపు కూర్చునేది. ముగ్గు వేసి లేస్తే గోడ పట్టుకునేది. రెండు బిందెలు మోసేసరికి ముఖం తెల్లగా పాలిపోయి మెట్ల మీద కూలబడేది. అవ్వ మొదట శుభవార్తేమోనని సంబరపడింది. కాదని తేలాక ఆ సంబరం కాస్తా విసుగైపోయింది. కొన్నాళ్ళు సోమరితనమంది. తర్వాత, రోగిష్టి పిల్లను అంటగట్టారని అనుమానపడింది. ఇంకో నెల చూసి, అప్పటికీ ఇట్లాగే ఉంటే పుట్టింటికి పంపించేస్తానని మా అమ్మతో గట్టిగానే అంది. పక్కగదిలో గాజులు కడుతున్న చిన్నమ్మకు ఆ మాట వినబడింది. కొత్తగా పెళ్ళయిన పిల్లను జబ్బుమనిషని వెనక్కి పంపితే ఆ ఊళ్ళో ఆమెకు మిగిలేదేముంది? ఆ రోజునుంచి కళ్ళు తిరుగుతున్నాయని చిన్నమ్మ ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు పొద్దున్నే నేను తాతకోసం రుబ్బురోలు వెనక నక్కి కూర్చున్నాను. తాత రాలేదు, చిన్నమ్మ వచ్చింది. జాడీ మూత తీసి నాలుగు ఉప్పురాళ్ళు చెంబునీళ్ళలో వేసి కలుపుకుని తాగింది. ఇంకొక రాయి నాలుక మీద పెట్టుకుని, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. కళ్ళు తిరిగినప్పుడల్లా అట్లా చెయ్యమని వాళ్ళమ్మ చెప్పి పంపిందట. అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ పొద్దు నాకు తెలిసిందల్లా కొత్త దొంగ దొరికిందని.

అవ్వ చెవిలో చెప్పి ఊరుకున్నా సరిపోయేది. నేను మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాను. ఆ రోజు అవ్వ చెల్లెలు, వాళ్ళ కోడళ్ళు భోజనానికి వచ్చి ఉన్నారు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక, చిన్నమ్మ చారు వడ్డిస్తుండగా నేను లేచి నిలబడి అన్నాను. "అవ్వా, ఉప్పుదొంగ తాత కాదు. చిన్నమ్మ దాచిపెట్టుకోని తింటా ఉండాది."

అందరూ గొల్లున నవ్వారు. నేను ఊరుకోలేదు. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న తీరును అభినయించి కూడా చూపించాను. మీ ఇంట్లో ఉప్పు చూళ్ళేదా అమ్మా అని అవ్వ అడిగింది. ఇట్లా ఉప్పు తినే ఆడపిల్లకు ఒంట్లో ఏదో రోగముంటుందని అవ్వ చెల్లెలు ఆజ్యం పోసింది. చిన్నమ్మ చేతిలో చారుగిన్నె అట్లాగే ఉంది. ఆమె తల ఎత్తలేదు. నాకు ఆ రోజు రెండు బెల్లంముక్కలు దొరికాయి.

ఆ తర్వాత చిన్నమ్మ ఉప్పు జాడీ ఛాయలకు రాలేదు.

పదిరోజులు తిరక్కుండా ఆ శుక్రవారం వచ్చింది. మా ఇంట్లో శుక్రవారం పూజ అయ్యేదాకా ఆడవాళ్ళు ఏమీ తినరు. ఆ రోజు పూజ ఆలస్యమైంది. చిన్నమ్మ తెల్లవారినప్పటినుంచి నీళ్ళు మోసి, గాజులు కట్టి, తట్ట చంకన పెట్టుకుని కిందికి బయలుదేరింది. నేను ఆమెకంటే రెండు మెట్లు ముందు దిగుతున్నాను. ఆమె పై మెట్టు మీద ఆగిపోయింది.

"పాపా, రవ్వంత నా చెయ్యి పట్టుకో. కళ్ళు మసకబారతా ఉండాయి."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఒక చెయ్యి నావైపు చాపి ఉంది. రెండు మెట్లు ఎక్కితే ఆ చెయ్యి నాకు అందేది. "ఉప్పు తెచ్చియ్యాల్నా చిన్నమ్మా?" అని పకపకా నవ్వి, నేను గబగబా దిగిపోయాను.

చివరి మెట్టు మీద ఉండగా నా వెనక గాజులు పగిలిన చప్పుడైంది. పచ్చవీ ఎర్రవీ గాజుముక్కలు ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ నన్ను దాటి వాకిట్లోకి పోయాయి.

చిన్నమ్మ మలుపు దగ్గర పడి ఉంది. మోచేతి కింద గాజు దిగి రక్తం కారుతోంది. కళ్ళు మూతబడ్డాయి. అవ్వ పెట్టిన కేకకు వఠారమంతా కదిలొచ్చింది. ఎవరో ఆమె చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెట్టబోయారు. ఇంతలో ఎదురింటి నర్సమ్మ వచ్చింది. ఆమె ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసేది, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి ఉంది. అందర్నీ పక్కకు నెట్టి, చిన్నమ్మను వెల్లకిలా పడుకోబెట్టించి, కాళ్ళు పై మెట్టుకు చేర్చి వాటికింద గోనెసంచి మడతపెట్టింది. చేతికి గట్టిగా గుడ్డ చుట్టింది. కాసేపటికి చిన్నమ్మ కళ్ళు తెరిచింది.

ఇంట్లోకి తీసుకొచ్చాక నర్సమ్మ తన బీపీ మిషను తెప్పించి, పడుకున్నప్పుడొకసారి, లేపి కూర్చోబెట్టి ఒకసారి చూసింది. తర్వాత పొద్దునుంచి ఏం తిన్నావని అడిగింది. ఏమీ లేదు. నీళ్ళు ఎన్ని తాగావని అడిగింది. చిన్నమ్మ తల వంచుకుంది. కొత్తకోడలు, మగవాళ్ళందరూ తిరిగే వాకిట్లోంచి మరుగుదొడ్డికి మాటిమాటికీ పోవడానికి సిగ్గుపడి, పగలంతా దాహమైనా గ్లాసు నీళ్ళు మించి తాగడం లేదట. అక్కడున్న ఆడవాళ్ళందరూ చేసే పని కూడా అదే.

అవ్వ మాత్రం గాబరాగా, ఈ పిల్లకూ బీపీనే అయితే ఇక ఆ ఉప్పు పూర్తిగా మానిపించేస్తానంది. నర్సమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని మేడమీది కొళాయి దగ్గరికి తీసుకుపోయింది. తిప్పింది. ఉస్సుమంది.

"కింద కొళాయిలో నీళ్ళు వస్తాయి, ఇక్కడికి ఎక్కవు. జోరు చాలదు. ఈ బిడ్డ ఒంట్లోనూ అదే కత అమ్మా. పండుకోని ఉంటే తలకు రక్తం అందతాది. దిడీరని ఒక్కసారిగా లేస్తే పైకెక్కదు. మీ ఇంటాయనది పైపు పగిలేంత జోరు. ఆయనకు ఇడిపించిన ఉప్పే ఈమెకు కావాల."

అవ్వ ఆ కొళాయిని తనే ఇంకోసారి తిప్పి చూసింది. మర్నాడు డాక్టరు కూడా చూశాడు. రక్తం కూడా తక్కువగా ఉందని మందు రాసిచ్చాడు. ఉపవాసాలు మానాలి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి, నీళ్ళు బాగా తాగాలి, లేచేముందు కాసేపు కూర్చుని కాళ్ళు ఆడించాలి, కళ్ళు మసకబారితే ఉన్నచోటే కూర్చోవాలి లేదా పడుకోవాలి అన్నాడు. ఈమెకు ఉప్పు మంచిదన్నాను కదా అని ఇంట్లో అందరూ మొదలుపెట్టొద్దని, అవ్వ సంగతి కనిపెట్టినట్టు మరీ మరీ చెప్పాడు. పుట్టింటికి పంపించే మాట ఆ తర్వాత ఇంట్లో రాలేదు. అవ్వ తప్పయిందని ఎప్పుడూ అనలేదు. కానీ మరుసటి శుక్రవారం పూజకు ముందే సంగటిముద్ద తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టింది. నీళ్ళ బిందెలు చిన్నాయన భుజానికి మారాయి.

నేను చెప్పవలసింది ఇంకా మిగిలి ఉంది. ఆ శుక్రవారమే, కట్టు కడుతూ నర్సమ్మ అడిగింది. పడిపోయే ముందు నీకు తెలిసే ఉంటుంది కదమ్మా, పక్కన ఎవరూ లేరా, పిలవలేదా అని.

నేను తలుపు వెనక ఉన్నాను. చిన్నమ్మ కళ్ళు తిప్పి నన్ను చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆ ఇంటికి నేను కళ్ళు కాదు, ఏమీ కాదు.

"ఎవరూ లేరక్కా," అంది చిన్నమ్మ. "నేనొక్కదాన్నే ఉంటిని."

నేను ఆమె నాలుగు ఉప్పురాళ్ళను పదిమంది ముందు పెట్టాను. ఆమె నేను చేసిన పనిని కడుపులో దాచుకుంది. నన్ను కొట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయి ఉండేదాన్ని. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున ఆమె నన్ను పిలిస్తే, ఇప్పుడు తిడుతుంది కాబోలని కొంచెం ధైర్యం కూడా వచ్చింది. తిడితే బాకీ తీరిపోతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. రోజూ తను లేచేలోగా గ్లాసు మజ్జిగలో రవ్వంత ఉప్పేసి తెచ్చిస్తావా అని అడిగింది. "నువ్వైతే మర్చిపోవు పాపా" అంది.

నేను మర్చిపోలేదు. నా పెళ్ళయి ఆ ఇల్లు వదిలేదాకా ఆ పని నాదే. ఆమె చాప మీద కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించుకుంటూ మజ్జిగ తాగేది. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి నా వైపు చెయ్యి చాపేది. ఒంట్లో సత్తువ చేరి, పట్టుకోవలసిన అవసరం తీరిపోయాక కూడా చాపేది. ప్రతిసారీ నాకు ఆ మెట్లు గుర్తొచ్చేవి. గుర్తు చెయ్యడానికి చాపేది కాదు, అది నాకు తెలుసు. అందుకే ఇంకా సిగ్గు.

ఎవరైనా కళ్ళు తిరుగుతున్నాయంటే, అది నిజమా నటనా అని నేను ఆ తర్వాత ఎప్పుడూ ఆలోచించలేదు. బస్సులో, పెళ్ళిళ్ళలో, రేషను అంగడి వరసలో, ముందు చెయ్యి అందించి తర్వాతే సంగతేమిటని అడుగుతాను. మా కోడలు దీన్ని నా మంచితనమనుకుంటుంది. నేను దిద్దలేదు. ఆ మెచ్చుకోలు కూడా దొంగసొమ్మే.

చిన్నమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. హెబ్బగోడిలో కొడుకు దగ్గర ఉంటుంది. మొన్న చూడ్డానికి వెళ్ళి, నేనే మజ్జిగ కలిపి ఇచ్చాను. గాజు దిగిన చోట ఆమె ముంజేతి మీద ఇప్పటికీ తెల్లని గీత ఉంది. ఇన్నేళ్ళూ నోటిదాకా వచ్చి వెనక్కి పోయిన మాట ఆ రోజు ఎట్లాగో బయటపడింది. "చిన్నమ్మా, ఆ శుక్రవారం మెట్ల మీద నేను…"

ఆమె ఇంకో గుక్క తాగింది.

"ఇంగా రవ్వంత ఉప్పు పడాల పాపా" అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి, పాదాలు రెండూ ఆడించుకుని, లేవడానికి నా వైపు చెయ్యి చాపింది.

నేను పట్టుకున్నాను. ఆ రోజు ఎక్కని రెండు మెట్లూ నేను ఇంకా ఎక్కుతూనే ఉన్నాను.