జలాంతర్గామి సీరియల్ చూసే ఆవిడ

బాన్సువాడ బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఫోనులో ఏదో పాత సీరియల్ చూస్తోంది. పాట వినగానే గుర్తుపట్టాను. యుద్ధకాలంలో సముద్రం అడుగున తిరిగిన జలాంతర్గామి సిబ్బంది కథ అది. నా చిన్నప్పుడు ఆదివారాలు టీవీలో వచ్చేది.

నేను తొంగి చూడటం గమనించి ఆవిడే పలకరించింది. "మా బాపు గసొంటి దాంట్లనే పనిచేసిండక్కా, యుద్ధమప్పుడు. ఇద్దరం కలిసి చూస్తుంటిమి. ఆయన పోయినంక ఇగ నేనొక్కదాన్నే చూస్తున్న."

మా నాన్నా జలాంతర్గామిలోనే పనిచేశాడు. కానీ ఆ సీరియల్ మొదలవగానే లేచి పొలానికి వెళ్లిపోయేవాడు. చనిపోయేదాకా ఆ రోజుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడతో ఆ సంగతి అనలేకపోయాను.

"మీకు అన్నీ చెప్పేవారన్నమాట," అన్నాను, కాస్త పుల్లవిరుపుగానే.

"ఏం చెప్పలేదక్కా. పైన బాంబులు పేలుతుంటే లోపల అందరు ఊపిరి బిగవట్టుకొని కూసుంటరు సూడు, గప్పుడు మాత్రం నా చెయ్యి గిట్ల పట్టుకుంటుండె."

అంటూనే నా మణికట్టు పట్టుకుంది, గాజులు ఒత్తుకునేంత గట్టిగా. ఇంతలో బీర్కూర్ బస్సు వచ్చింది. ఆవిడ చెయ్యి వదిలి పరుగెత్తింది.

ఆ పట్టు మీద నాకు ఇప్పటికీ అసూయే. నాన్న పొలానికి వెళ్లినప్పుడు నేనూ వెనకాలే వెళ్లి ఉంటే, నా చెయ్యీ పట్టుకునేవాడేమో. ఒక్క ఆదివారమైనా వెళ్లలేదు. సీరియల్ అంత బాగుండేది.