సితార్ పందెం

నా చిన్నప్పుడు మా ఇంటిపేరు చెబితే ఆర్మూరు పసుపు అంగడిలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా ముత్తాత దేశ్‌ముఖ్. వేల్పూర్ నుంచి జక్రాన్‌పల్లి దాకా ఊళ్ల శిస్తు ఆయన చేతికే వచ్చేది. మా తాతయ్య కాలానికి ఊళ్లు పోయి మర్యాద మిగిలింది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నదే రాస్తున్నాను.

ఇంట్లో ఒక సితార్ ఉండేది. నేనూ మా చిన్నాన్న కొడుకూ దాని మీదే నేర్చుకున్నాం. నేర్పే ఉస్తాద్ రావడం మానేశాక ఎవరి పద్ధతి వాళ్లదైంది. సితార్‌ను చూపుడువేలికి తొడిగిన మిజ్రాబ్‌తో, అంటే ఇనుప తీగ ఉంగరంతో మీటుతారు. లోపలికొక దెబ్బ, బయటికొక దెబ్బ. తమ్ముడు రెండూ కలిపి, మోచేతి నుంచి చెయ్యంతా ఊపుతూ వడగళ్లు పడ్డట్టు వాయించేవాడు. నేను మణికట్టు మాత్రమే కదిపి, ప్రతి దెబ్బా లోపలికే మీటేదాన్ని. నా స్వరాలు నిండుగా విడివిడిగా పలికేవి. వాడి వేగం మాత్రం నాకు లేదు.

"అక్కా, సితార్ వాయిస్తున్నవా, పసుపు దంచుతున్నవా?" అనేవాడు.

"నువ్వు కోళ్లను తరుముతున్నవు గద, గది చాలు" అనేదాన్ని.

ఒక ఎండాకాలం తాతయ్య ఇద్దరినీ పిలిచి, "పందెం పెడుతున్న. గెలిచినోళ్లదే సితార్. ఓడినోళ్లు ఇగ దాన్ని ముట్టొద్దు" అన్నారు. బయటి దెబ్బను కూడా మణికట్టుతోనే అలవాటు చేసుకున్నాను. రెండు దెబ్బలూ ఒక్కలా మోగేదాకా నెమ్మదిగా మీటి, ఆ తర్వాతే వేగం పెంచాను. మిజ్రాబ్ కింద వేలు వాచింది. అయినా మానలేదు.

పందెం నాడు హాల్లో పసుపు అంగడి సేటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాళ్ల నాన్న మా ఇంట్లో ఏనాడూ కుర్చీ ఎక్కలేదు. తీర్పు చెప్పడానికి పిలిచారనుకున్నాం. మా ఇద్దరికీ తెల్లబట్టలు తొడిగించారు. తాతయ్య చిన్న ఇత్తడి గిన్నెలో నిండా పసుపు నీళ్లు పోయించి, సితార్ కింది సొరకాయ బుర్ర మీద ఆనించిన తమ్ముడి ముంజేతి మీద దాన్ని నిలబెట్టారు.

"వాయించు. జోరుగ."

చెయ్యి ఊగింది, గిన్నె బోర్లా పడింది. వాడి ఒళ్లంతా పసుపైంది. సేటు నవ్వాడు. తాతయ్య ఇంకా గట్టిగా నవ్వి, "చూసినవా సేటు, మా పెండ్లికొడుకు తయారైండు!" అన్నారు. వాడు లేవబోతే, "కూసో. అందరు చూడనీ" అని అలాగే కూర్చోబెట్టారు.

తర్వాత నేను. నెమ్మదిగా మీటాను, వేగంగా మీటాను. గిన్నెలో నీళ్లు వణికాయి కానీ చుక్క జారలేదు. లావు తీగ మీద ఒకసారి, సన్న తీగ మీద ఒకసారి వాయించమన్నాడు సేటు. నన్ను పరీక్షిస్తున్నాడనుకుని, ఉన్న ప్రాణమంతా పెట్టి వాయించాను.

ఆపాక సేటు లేచి వచ్చాడు. నా వైపు చూడలేదు. బుర్రను వేలి కణుపుతో తట్టి చూశాడు.

"మోత మంచిగున్నది దొరా. నెమ్మదిగ మీటితే నిలుస్తున్నది, జోరుల గూడ పలుకుతున్నది. మా బిడ్డకు తీస్కపోత."

నాకంటే ముందు తమ్ముడికి అర్థమైంది. ఆ పసుపు బట్టల్లోనే పకపకా నవ్వి, "గెలిచినవక్కా!" అన్నాడు.

"తాతయ్యా, సితార్ నాది గద?"

"నీదే బిడ్డా. అందుకే నీ చేత్తో నువ్వే ఇయ్యి. మిజ్రాబ్ గూడ."

వాచిన వేలి నుంచి మిజ్రాబ్ రాలేదు. తాతయ్యే మెలితిప్పి లాగారు, చర్మం లేచింది. నా కళ్లలో నీళ్లు చూసి, సేటుకు వినపడకుండా, "చెయ్యి గంత నిలిపినవు, మొకం నిలపలేవా?" అన్నారు.

నిలిపాను.

అది క్రూరమే, కాదనను. కానీ తాతయ్య ఆ సేటు ముందు తన వస్తువును తాను పొగుడుకోలేదు, కొనమని నోరు తెరవలేదు. ఆ పని నా చేత చేయించారు. ఆనాటి నుంచి నా ముఖం చూసి నా లోపలిది కనిపెట్టినవాళ్లు లేరు. మా నాన్న పోయిన రోజు బంధువులు నన్ను రాయి అన్నారు.

సితార్ తర్వాత తాతయ్య వరి పొలం అమ్మారు. ఇల్లు అమ్మింది నేను.