తిరిగి ఇచ్చిన మచ్చు

ఆదోని పత్తి మార్కెట్టులో పత్తి కొనే చెన్నకేశవులు చెయ్యి పడని గోనె బోరెం లేదు. పైన తెల్లటి పత్తి కనిపిస్తే అడుగున తడిది ఉంటుందని ఆయనకు గట్టి నమ్మకం. అందుకే మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు లాగి, మచ్చుకని పొట్లం కట్టి సంచిలో వేసుకునేవాడు. తీసిన మచ్చు ముప్పై ఏళ్లలో ఒక్క రైతుకూ తిరిగి ఇచ్చి ఎరుగడు. ఇంట్లోనూ అంతే. వేలు ముంచి చూడనిదే పాలు పొయ్యి మీదికి పోనిచ్చేవాడు కాదు.

అలాంటి మనిషి భార్య జయమ్మ, మోకాళ్ల నొప్పులతో గడప దాటలేక, తను దాచుకున్న నాలుగున్నర వేలు పెట్టి చెక్క పజిల్ తెప్పించుకుంది. ఎమ్మిగనూరులో నేతపని వాళ్లింటి ఈరేష్ సన్న రంపంతో, చేత్తో కోసి చేసిన పజిల్ అది. ముక్కలన్నీ కలిపితే తేరు బొమ్మ వస్తుంది.

"బజార్లో అట్టది రెండొందలకు దొరుకుతాది. వీడేమన్నా దీంట్లో బంగారం పోసినాడా?" అని చెన్నకేశవులు ఎగిరిపడ్డాడు. పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి ముక్కలు లాగాడు, వాసన చూశాడు, గోటితో గీకాడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

జయమ్మ పద్దెనిమిది రోజులు కూర్చుని తేరు నిలబెట్టింది. తీరా చూస్తే చక్రం నడుమ ఒక ముక్క లేదు. ఇల్లంతా వెతికించి, కళ్లనీళ్లు పెట్టుకుంది. చెన్నకేశవులుకు మాత్రం లోలోపల సంతోషమే. తన మాట నెగ్గింది కదా!

చక్రం భాగాన్ని రెండు అట్టల మధ్య కట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. ఈరేష్ ఇంట్లో అప్పటికే గిరిజమ్మ టీచరు తనకొక పజిల్ చేసిపెట్టమని చెప్పడానికి వచ్చి కూర్చుని ఉంది.

"ఏమప్పా, ఇంత ధర తీసుకుని ముక్క ఎగ్గొడతావా?" అన్నాడు చెన్నకేశవులు వస్తూనే.

ఈరేష్ మొహం వాడిపోయింది. "రెండుసార్లు ఎంచి పెట్టె మూసినా పెద్దాయనా."

"అయితే నేను అబద్ధం సెప్తాండానా?"

గిరిజమ్మ టీచరు మెల్లగా లేచి, "మళ్లీ వస్తాలే అప్పా" అని పజిల్ మాట ఎత్తకుండానే వెళ్లిపోయింది. ఈరేష్ ఆమె పోయిన వైపు కాసేపు చూశాడు. తర్వాత ఆ ఖాళీని కొలిచి, అదే రకం చెక్క తీసి, రెండు గంటలు కూర్చుని కోసి, రాచి, రంగు వేసి అందులో కూర్చాడు. చెన్నకేశవులు సందులో గోరు దూర్చబోయాడు. దిగలేదు. ఈరేష్ డబ్బు కూడా అడగలేదు. తప్పు చేశాడు కాబట్టే అడగలేదని తేల్చుకుని ఆయన ఇంటికొచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత మార్కెట్టులో మచ్చుల సంచి దులుపుతుంటే, ఒక పాత పొట్లంలోంచి చెక్కముక్క జారిపడింది. పెట్టె వచ్చిన రోజు, ఈ చెక్క ఏపాటిదో వడ్రంగికి చూపించి అడగాలని తనే పొట్లం కట్టి, పత్తి హడావుడిలో మరిచిపోయాడు. ఇంటికి వెళ్లి రెండు ముక్కలూ మార్చి మార్చి పెట్టి చూశాడు. ఏది పాతదో, ఏది కొత్తదో, ఇన్నేళ్లు పత్తి పట్టిన ఆ చేతికి అంతుపట్టలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఏం చూస్తాండారు?" అంది జయమ్మ. ఆయన దాచకుండా చెప్పాడు.

"నాకు సెప్తే ఏం లాభం? ఎవరి ముందర అన్నారో వాళ్ల ముందర సెప్పండి."

మరునాడు ఎమ్మిగనూరులో దిగి, ఈరేష్ ఇంటికి పోలేదు. ముందు గిరిజమ్మ టీచరు ఇల్లు యాడని అడిగి తెలుసుకున్నాడు. ఆమె తలుపు తీయగానే పొట్లం విప్పి చూపించాడు.

"ముక్క నా సంచిలోనే ఉండాది తల్లీ. ఆయప్ప తప్పేం లేదు. నాతో రాండి, మీ ముందరే తిరిగి ఇయ్యాల."