మూరెడు గాలం

ఆ రోజుల్లో అందరికీ రెండే భయాలు. పక్కవాడు దగ్గుతాడేమోనని ఒకటి, తనకే దగ్గు వస్తుందేమోనని ఇంకొకటి. నాకు మాత్రం మూడోది కూడా ఉండేది, అత్తగారింట్లో చులకనైపోతానేమోనని. కరోనా రెండో ఏడు, పెళ్లయిన కొత్త, సూరత్‌లో బమ్రోలి దగ్గర సాంచెల షెడ్డులో పని (మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు). సాంచెలు నాలుగు రోజులు నడిస్తే నాలుగు రోజులు ఆగేవి. పని లేని మగవాడి నోటికి పని ఎక్కువ కదా, నా నోరు ఆ ఏడాది అస్సలు ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే, నా నోటికి మాస్కు కట్టమని సర్కారు చెప్పడం చాలా సబబనిపిస్తుంది.

అత్తగారిల్లు అదే ఊళ్లో, భేస్తాన్‌లో. అత్తమ్మకు కరోనా వచ్చి తగ్గింది, జ్వరం పోయింది, కానీ నాలుక మీది రుచి పోయింది పోయినట్టే ఉంది. ఉప్పూ లేదు, కారమూ లేదు. "అన్నం తింటె దూది నమిలినట్టే ఉన్నది బిడ్డా" అని రెండు ముద్దలకే పళ్లెం జరిపేసేది. మనిషి చిక్కిపోయి, మణికట్టు దగ్గరుండాల్సిన గాజులు మోచేతి దాకా జారేవి. మామ సాంచెల మీద పండిపోయిన మనిషి, ఎవరికీ భయపడనివాడు, ఆమె పళ్లెం జరిపినప్పుడల్లా బయటికి వెళ్లి బీడీ ముట్టించేవాడు. ఒకరోజు అత్తమ్మే అంది: "చిన్నప్పుడు మా నాయిన మానేరు వాగుల చేప వట్టి తెస్తే అప్పటికప్పుడు పులుసు వెడ్తుండె మా అవ్వ. గసొంటిది తింటెనన్న నోటికి తెలుస్తదేమో."

ఆమె ఊరికే అంది. నేనే ఊరుకోలేదు. "గింతేనా అత్తమ్మా? నేను లేనా? తాపీ నదిల చేప వడ్త, ఒడ్డు మీదనే పులుసు వెడుదువు" అనేశాను. నా భార్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "నువ్వు ఎప్పుడన్న చేప వట్టినవా?" అంది. "పట్టకపోతె పట్టరాదా?" అన్నాను. (ఎంత గొప్ప జవాబు!)

బామ్మర్ది అప్పుడే ఒక పాత వ్యాన్ కొన్నాడు. కట్టడి సడలాక సెలవు దొరికినప్పుడల్లా అందరం అందులో ఎక్కి మాండ్వి దాకా తాపీ ఒడ్డుకు పోయి గాలి పీల్చుకుని వచ్చేవాళ్లం. ఆ వ్యాన్‌లో స్టవ్వు, గిన్నెలు, నీళ్ల డబ్బా, మామ మడత కుర్చీ, అత్తమ్మ నడుముకు ఆనించుకునే దిండ్లు పోగా మనుషులు ఎక్కాలి. "బావా, సూది వెట్ట సందు లేదు. గాలం గిట్ల తెస్తె మడిచి జేబుల వెట్టుకో" అన్నాడు బామ్మర్ది. సరే, జేబులో పెట్టుకునేదే కొంటానని శపథం చేసి చౌక్ బజార్‌కు పోయాను.

దుకాణం ముందు దూరం దూరంగా సున్నంతో గీసిన వృత్తాల్లో నిలబడాలి. దుకాణం కాకా ముందు రెండు ముక్కల పొడుగు కర్ర చూపించాడు. అది వ్యాన్‌లో పెడితే మామ దిగిపోవాలి. తర్వాత ఒకటి తీశాడు, అచ్చం రేడియో ఏరియల్ లాంటిది. మూస్తే మూరెడు, లాగితే ఇద్దరు మనుషులంత. నా మనసు దాని మీద పడిపోయింది. లాగి చూద్దామని ఒక్క ఊపు ఊపాను, దాని కొస పోయి పక్క వృత్తంలో నిలబడ్డ పెద్దమనిషి మాస్కును ఒక చెవి నుంచి ఊడదీసింది. ఆయన గుజరాతీలో నన్ను ఏమన్నాడో పూర్తిగా రాయలేను. నేను దండం పెడుతూనే, ఫరవాలేదు, గాలం బాగానే పట్టుకుంటుంది అనుకున్నాను. కాకా నైలాన్ దారం, దాని కొసన కట్టే గాలాల పొట్లం ఇచ్చి, "గాంఠ్ మై బాంధ్ దూఁ, భాయ్?" అన్నాడు, ముడి తానే వేసిస్తానని. నాకు రోషం వచ్చింది. పొద్దున లేస్తే తెగిన పోగులు అతికే చేతులివి, సాంచె ఆగకముందే ముడి పడాలి, అంత వేగం. "హమ్ సాంచేవాలే హై కాకా. ముడి మాకు నేర్పుతవా?" అని సగం హిందీలో, సగం తెలుగులో గట్టిగానే అన్నాను. ఆయన చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. మంచివాడు.

ఆ ఆదివారం బయల్దేరేముందు ఇంకో ఘనకార్యం చేశాను. "కూర గిట్ల ఏం కట్టకుర్రి. మసాలా, చింతపండు చాలు. కూర ఉంటె చేప మీద శ్రద్ధ ఉండది" అన్నాను. నా భార్య ఆవకాయ సీసా సంచిలో పెడుతుంటే అది కూడా తీయించాను. అత్తమ్మ మాత్రం ఆ పొద్దున ఏదో ఆశగా కనిపించింది. తానే కూర్చుని మసాలా నూరింది. అది చూసి జేబులోని గాలాల పొట్లాన్ని రెండుసార్లు తడుముకున్నాను.

ఒడ్డున గాలానికి పోగు అతికే ముడే వేసి, పిండిముద్ద గుచ్చి విసిరాను. చేప రాక కాదు, వచ్చింది! బెండు బుడుంగున మునిగింది, కర్ర విల్లులా వంగింది, "లాగు బావా, లాగు!" అని బామ్మర్ది గంతులు. లాగాను. దారం తేలిగ్గా వచ్చేసింది, చివర గాలం లేదు. "నీ చేతుల బలం లేదు, ఇటియ్యి" అని మామ అందుకున్నాడు. ఆయనా ముడి వేశాడు, అదే ముడి, నాకంటే వేగంగా. చేప పట్టింది, గాలంతో సహా పోయింది. తర్వాత బామ్మర్ది. తర్వాత సాంచెలకు దారం బాబిన్లు చుట్టే నా భార్య కొంగు బిగించి, "మొగోళ్ల ముడి గిట్లనే ఉంటది" అంటూ తానూ అదే ముడి వేసింది. పొట్లం ఖాళీ అయింది. పక్కన చాపలు పరుచుకుని ఢోక్లాలు తింటున్న కుటుంబం తినడం ఆపి మమ్మల్నే చూస్తోంది.

మామ దారం కొసను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "తెగలే అల్లుడా. జారింది" అన్నాడు. మగ్గం పోగును పట్టే ముడి నున్నటి నైలాన్‌ను పట్టదని తరతరాలుగా నేసేవాళ్లం, నలుగురం, ఒక్కరికీ తట్టలేదు. కాకా ముఖం గుర్తొచ్చి నాకు చెవులు వేడెక్కాయి. తాపీలో దూకేద్దామనుకున్నాను గానీ అక్కడ మా గాలాలేసుకున్న చేపలున్నాయి.

అత్తమ్మ స్టవ్వు దగ్గరికి జరిగింది. "నూరిన మసాలా పారవోస్తమా? చేప లేకుంటె పులుసన్న కానియ్యి" అని నా భార్యకు చెప్పింది. సిగ్గుతో ఎక్కడ నిలబడాలో తెలియక, ఏదో ఒక పని చేసినట్టుంటుందని, గిన్నెలో గుప్పెడు ఉప్పు నేనే వేశాను. నా భార్య అప్పటికే వేసిందని నాకేం తెలుసు!

అందరం తలలు వంచుకుని అన్నంలో చింతపండు పులుసు కలుపుకున్నాం. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. ముఖం చిట్లించింది. అయిపోయింది, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను.

"ఉప్పెవలేసిన్రు? గింత ఉప్పైతె మనుషులు తింటరా?"

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నవే? మల్లొక్కసారి అను."

"ఉప్పెక్కువైందంటున్న. నాకు నాలుక పోతె నీకు చెవులు వోయినయా?" అని, "ఇంకింత అన్నం వెట్టుర్రి, కలుపుకుంట" అంది. మామ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నా భార్య ఏడుస్తూనే వడ్డించింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, కానీ సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆనాటి నుంచి మా ఇళ్లలో ఏ కూరలో ఉప్పెక్కువైనా దాని పేరు అల్లుని పులుసు. చుట్టాలందరి ముందూ అంటారు, నేను వినాలి. మూరెడు గాలం ఇప్పుడు బూజు దులపడానికి పనికొస్తోంది, మూల మూలకూ అందుతుంది, ఎంపికలో తప్పు లేదు. మొన్న దులుపుతుంటే దాని కొసన వేలాడుతున్న దారం ముక్క చేతికొచ్చింది. ఆనాటి నన్ను, సున్నం వృత్తంలో నిలబడి ఛాతీ విరుచుకున్న ఆ కుర్రవాణ్ని తలుచుకుంటూ ఉన్నాను. కిందికి చూస్తే నా వేళ్లు వాటంతట అవే ముడి వేసేశాయి. అదే ముడి. కొంచెం లాగాను, జారిపోయింది. మళ్లీ వేశాను.