గుదిబండకు అలవాటు పడ్డ చేయి

అతని ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. చొక్కా కొలతలు తీస్తూ దర్జీ ఒకసారి అడిగాడు.

“ఈ భుజాన్ని ఎవరు లాగేశారండీ ఇలా?”

“గుదిబండ” అన్నాడతను.

దర్జీ అతని భార్య గురించి అనుకున్నాడు. టేపు నోట్లో పెట్టుకుని ముసిముసిగా నవ్వాడు. అతను సరిదిద్దలేదు. సరిదిద్దాలంటే చాలా చెప్పాలి.

గుదిబండ అంటే అతని బేస్ గిటారు. పశువు పారిపోకుండా మెడకు కట్టే మొద్దు పేరు దానికి పెట్టింది బావమరిది. అది అతని మూడో గిటారు. మూడింటిలోకీ అదే అధ్వాన్నం. పందొమ్మిదేళ్ళు ఉన్నదీ అదే.

వారంలో ఆరు రోజులు అతను ఒక కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో పనిచేస్తాడు. గాజు బిళ్ళల అంచుల్ని చక్రం మీద అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టాలి. చక్రం మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటాయి. గోళ్ళ కింద తెల్ల బురద చేరుతుంది. రోజంతా ఒకటే కీచు. ముందు గదిలో యజమాని కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్ళకు ఒకటే మాట చెబుతుంటాడు. నేల వాలుతోందన్నా, గడప దూరంగా ఉందన్నా అదే మాట. “నాలుగు రోజులు పెట్టుకోండి, సర్దుకుంటుంది.”

ఏడో రోజు మధ్యాహ్నం ఒక హోటల్ భోజనాల హాల్లో రెండు గంటలు బేసు వాయిస్తాడు. అక్కడ అయిదుగురు. కీబోర్డు మాస్టారు, పాడే ఆవిడ, గిటారు వాయించే ఒకాయన, డ్రమ్ముల మీద బావమరిది, అందరి వెనక అతను. అతన్ని మంద్రం అంటారు. వాయించేది కింది స్థాయి, మాట కూడా అక్కడే. తినేవాళ్ళు పాట వింటారు. బేసును ఎవరూ వినరు. బల్ల కింద వాళ్ళ కాళ్ళు మాత్రం దాని లెక్కకే ఆడుతుంటాయి. అతను ఆ కాళ్ళను చూస్తూ వాయిస్తాడు. ఆ రెండు గంటలు లేకపోతే అతని వారంలో మిగిలేది చక్రం కీచు.

మొదటి గిటారు మెడ వానలు పడితే ఉబ్బేది. తీగలు చెక్కకు అంత ఎత్తున లేచేవి. “దీని కిందనుంచి సైకిలు పోతుంది బావా” అనేవాడు బావమరిది. అతని పెళ్ళైన కొత్త అది. రెండోది ఎర్రగా నిగనిగలాడేది. భార్యకు అదే ఇష్టం. చూడ్డానికి పెళ్ళికొడుకు, పలికితే రేకు డబ్బా. పైగా పాట మొదట్లో కట్టిన శృతి పాట చివరికి జారిపోయేది.

మూడోదాన్ని కొన్న రోజు దుకాణంలో కరెంటు లేదు. “వచ్చేస్తుంది, కూర్చోండి, టీ తాగుదురుగాని” అన్నాడు కొట్టాయన. అతను ఆగలేదు. బేసు వాయించేవాళ్ళకు ఒక అలవాటుంది. స్పీకరు లేని చోట గిటారు పైకొమ్మును దవడకు ఆనించి తీగ మీటుకుంటారు. చెక్కలోని నాదం ఎముకలోంచి నేరుగా తలలోకి వస్తుంది. అతనూ అలాగే మీటాడు. తల లోపల బావిలోకి రాయి వేసినట్టు పలికింది. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ మీటాడు. ఇదే అన్నాడు.

ఎముకకు ఏ చెక్కైనా అలాగే పలుకుతుంది. ఆ సంగతి అప్పటికి అతనికి తెలియదు.

ఇంటికొచ్చి స్పీకరుకు కలిపితే బర్రుమంది. తీగల మీద చెయ్యి వేస్తే ఆగింది, తీస్తే మళ్ళీ మొదలు. మెడ పొడవునా వేలు నొక్కే మెట్లలో, సన్నతీగ మీద ఆరో మెట్టు తడిగుడ్డ మీద కొట్టినట్టు చచ్చిపోయేది. మెడ బరువుగా ఉండి, వదిలితే నేలకు వాలేది. వాటన్నిటికంటే పెద్ద తప్పు అడుగున ఉంది. తీగలు ఆనే ఇనుప బద్దను ఉండాల్సిన చోటుకంటే కాస్త కిందికి బిగించారు. మొదటి మెట్ల మీద తెలియదు. పైకి ఎక్కేకొద్దీ శృతి తగ్గిపోతుంది.

బాగుచేసేవాడు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మరలు తిరిగినంత తిప్పి చూశాడు.

“దీన్ని బాగుచేయడం కంటే నిన్ను బాగుచేయడం సులువు బాబూ” అన్నాడు.

జరిగింది అదే. చెయ్యి నేర్చుకుంది. పైమెట్ల మీద వేలు తీగను నొక్కి, వెంట్రుకవాసి పక్కకు లాగేది. లాగితే శృతి పెరుగుతుంది. తగ్గినంతా అలా పూడేది. చచ్చిన మెట్టు వస్తే పక్క తీగ మీద అయిదు మెట్లు పైకి గెంతేది. వాయించని చోట కూడా కుడిచెయ్యి తీగల మీదే ఉండేది, బర్రుమనకుండా. ఎడమ అరచెయ్యి పసిపిల్ల తలను పట్టుకున్నట్టు మెడను ఎత్తి పట్టుకునేది. రెండేళ్ళకు ఇవన్నీ చేస్తున్నట్టు అతనికే తెలియకుండా పోయింది. మరొకటి కొందామని అప్పుడప్పుడూ అనుకునేవాడు. అనుకోవడంలో పందొమ్మిదేళ్ళు అయ్యాయి.

ఒక ఆదివారం భోజనాలు అయ్యాక వైర్లు చుడుతూ మాస్టారు అన్నాడు.

“కొత్త మేనేజరు వచ్చే వారం కూర్చుని వింటాడట. అయిదుగురు ఎందుకు, నలుగురు చాలరా అంటున్నాడు.”

“నలుగురంటే?” అన్నాడతను.

మాస్టారు కీబోర్డు మీద గుడ్డ కప్పాడు. సర్దాడు. మళ్ళీ సర్దాడు.

“నా ఎడమచెయ్యి ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదయ్యా, బేసు అదే చూసుకోగలదు అని ఎవరో ఆయన చెవిలో వేశారు. నేను వెయ్యలేదు. కాని మధ్యలో నీ గిటారు ఆ గరగర మొదలుపెడితే నీ తరఫున నేనేం మాట్లాడను? ఆ మొద్దును మార్చు.”

“మాస్టారూ, మా బావను ఎన్నైనా అనండి” అన్నాడు బావమరిది డ్రమ్ముల వెనకనుంచి. “గుదిబండను అనకండి. పాపం, అది మనసులో పెట్టుకుంటుంది.”

మాస్టారు వైర్ల చుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో అతను చెప్పలేదు. బావమరిది చెప్పాడు. భార్య కంచాలు కడుగుతూ విని, తమ్ముడి వైపు తిరిగింది.

“ఈయన ఆదివారం కూడా ఇంట్లో కూర్చుంటే నావల్ల కాదురా. ఆ మౌనం చూస్తే గోడలకే నీరసం వస్తుంది. ఎక్కడైనా మంచిది ఒకటి చూసి పెట్టు.”

“చూస్తాలే అక్కా.”

“చూస్తాలే కాదు. వచ్చే వారమే.”

బుధవారం పొద్దున బావమరిది నల్లపెట్టె మోసుకొచ్చాడు. చెవిలో హోరు పట్టి వాయించడం మానేసిన ఒకాయనది. “మంచం కింద పడుకోబెట్టకుండా ఉంటే చాలన్నాడు బావా. తిరిగి ఇవ్వక్కర్లేదట.”

అతను దాన్ని తగిలించుకుని స్పీకరుకు కలిపాడు. ఏమీ వినిపించలేదు.

“స్విచ్చి వేశావా?” అన్నాడతను.

“వేశాను.”

“మరి?”

“మరేంటి బావా, అదే మంచి గిటారు. నువ్వు వాయిస్తేనే మోగుతుంది.”

ఆ నిశ్శబ్దానికి అతను భయపడ్డట్టు కనిపించాడు. అలవాటుగా ఎడమచేత్తో మెడను ఎత్తాడు. ఎత్తడానికి అక్కడ బరువు లేదు. మెడ రివ్వున లేచి అలమరలోని గ్లాసుల్ని పడగొట్టింది. భార్య లోపలినుంచి “మొదలుపెట్టారా?” అంది.

మొదటి మెట్ల మీద వాయించాడు. ఆ నాదానికి గదిలో కిటికీ ఊచలు అదిరాయి. పైకి ఎక్కాడు. పుల్లగా పలికింది, శృతి కలవలేదు. ఆగి తీగలు సరిచూసుకున్నాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అంతే.

“శృతి పైకి పోతోంది బావా” అన్నాడు బావమరిది.

“గిటారులో ఏదో ఉంది.”

“ఇలా తే.” బావమరిది దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాలింగ్ బెల్లు నొక్కినట్టు ఒక్క వేలితో పైమెట్టు నొక్కి మీటాడు. తిన్నగా, గుండ్రంగా పలికింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“డ్రమ్ములు కొట్టుకునేవాణ్ణి. నాకు పలికింది” అన్నాడు బావమరిది, కాస్త సిగ్గుపడుతూ.

అతను తన చూపుడువేలును చూసుకున్నాడు. లేని లోటును అది పూడుస్తోంది.

భార్య తడిచేతులతో గుమ్మంలో నిలబడింది. “నాలుగు రోజులు పెట్టుకోండి, అదే సర్దుకుంటుంది. మీ కొట్లో చెప్పేది ఇదే కదా?”

“ఇదే” అన్నాడు.

గురువారం, శుక్రవారం, శనివారం దుకాణానికి వెళ్ళే ముందు గంటసేపు కూర్చున్నాడు. లాగకు అని వేలికి చెప్పాడు. వేలి మీద మనసు పెడితే లాగలేదు, కాని అప్పుడు పాట లేదు. పాట మీద మనసు పెడితే వేలు లాగింది. అద్దాలు అరగదీస్తూ కూడా ఎడమచేతిని ఫ్రేము అంచు మీద ఆనించి, నొక్కి, కదలకుండా ఉంచి చూశాడు. నీళ్ళలో నాని వేలికొసల కాయలు మెత్తబడ్డాయి. శనివారానికి చెయ్యి నొప్పి పుట్టింది. అంతకు మించి ఏమీ మారలేదు.

ఆదివారం రెండింటినీ తీసుకెళ్ళాడు. కొత్తది భుజాన వేసుకున్నాడు. గుదిబండను డ్రమ్ముల వెనక గోడకు ఆనించాడు. మేనేజరు ముందు బల్ల దగ్గర మంచినీళ్ళ గ్లాసుతో కూర్చున్నాడు. వయసు చిన్నదే. ముక్కు మీద కళ్ళద్దాలు కాస్త పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎడమవైపు మర బిగించాలి అనుకున్నాడతను.

మొదటి పాట మూడో చరణంలో పైకి ఎక్కాడు. పుల్లటి స్వరం ఒకటి హాలంతా తిరిగింది. పాడే ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ వెనక్కి చూడలేదు. మాస్టారు చూడలేదు. ఆయన ఎడమచెయ్యి కీబోర్డు కింది స్వరాల మీదికి జరిగి అక్కడ ఆగింది. అతను ఆ చేతినే చూశాడు.

పాట అయింది. వెనక గోడ దగ్గర గుదిబండ ఉంది. దాంతో అయితే చెయ్యి తప్పదు, కాని పాటకూ పాటకూ మధ్య అది బర్రుమంటుంది. మేనేజరు గ్లాసు కింద పెట్టి ఏదో రాసుకుంటున్నాడు. రెండో పాటకు బావమరిది కర్రలు ఎత్తి లెక్క పెట్టాడు.

అతను ఇక పైకి ఎక్కకూడదనుకున్నాడు.

కింది నాలుగు మెట్ల మీద గుదిబండ తప్పు చిన్నది. అక్కడ వేలు లాగడం నేర్చుకోలేదు. అక్కడే నిలబడ్డాడు. నాలుగు స్వరాలు వాయించే చోట ఒకటి వాయించాడు. మిగతా చోట తీగను మోగనిచ్చాడు. చెయ్యి తీసినా గిటారు గరగరమనలేదు. ఖాళీ ఖాళీగా ఉంది. బల్లల కింద కాళ్ళు చూశాడు. ఆడుతున్నాయి.

చివరి పాటలో ఆఖరి చరణానికి ముందు ఒక ఎక్కుడు ఉంది. కిందినుంచి పైదాకా ఏడు స్వరాలు. అది అసలు పాటలోది కాదు. గుదిబండ కొన్న రెండో ఏట అతనే కట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బాగుందనలేదు. అతను మాత్రం ప్రతి వారం దానికోసం ఎదురుచూసేవాడు. ఆ చోటు వచ్చింది. మొదటి స్వరం మీటి, అక్కడే ఉండిపోయాడు. అది మోగినంతసేపు మోగి ఆగింది. చరణం మొదలైంది. ఎవరో పప్పు వడ్డించమని అడుగుతున్నారు.

అన్నీ అయ్యాక మాస్టారు మేనేజరుతో మాట్లాడి వచ్చాడు.

“అయిదుగురినీ ఉండమన్నాడు. వానాకాలం దాకా. ఆ తర్వాత చూద్దామన్నాడు.” ఊపిరి తీసుకున్నాడు. “మొదటి పాట పోనీ, ఆ తర్వాత బాగుందయ్యా. ఏం చేశావు?”

“తీసేశాను.”

“ఏం తీసేశావు?”

“ఉన్నవన్నీ.”

జోకు అనుకుని మాస్టారు భుజం తట్టి వెళ్ళాడు. తట్టింది ఎడమ భుజాన్నే.

బావమరిది డ్రమ్ములన్నీ విప్పి సంచుల్లో పెట్టాడు. ఆఖరికి తల ఎత్తకుండా అడిగాడు.

“మెట్లు ఎక్కలేదేం బావా?”

“మోకాళ్ళు నొప్పులురా.”

బావమరిది మామూలుగా అయితే దీనికి రెండు మాటలు కలిపేవాడు. ఇవాళ కొత్తదాని పెట్టె తను మోస్తానన్నాడు. గుదిబండను అతను మోశాడు.

భార్య తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. “ఉంచారా, పంపేశారా?”

“ఉంచారు.”

“మరి ఆ మొహం ఏంటి?”

“ఆకలి” అన్నాడతను.

మంగళవారం యజమాని పనిమీద బయటికి వెళ్ళాడు. ముందు గదిలో ఎవరో పిలిస్తే అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రిటైరైన టీచరమ్మ. శుక్రవారం కొత్త అద్దాలు తీసుకెళ్ళింది.

“నేల ఒకవైపుకు వాలుతోందయ్యా. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి, నడవలేకపోతున్నాను. తప్పు చేశారేమో చూడు.”

కొత్తవి చూశాడు. తప్పు లేదు. ఆవిడ సంచిలోంచి పాతవి తీసి ఇచ్చింది. వెలుతురుకు పట్టి చూశాడు. కంటిపాపకు ఎదురుగా ఉండాల్సిన కుడి బిళ్ళ కేంద్రం పక్కకు జరిగి ఉంది. ఎవరో, ఎక్కడో, ఏనాడో చేసిన తప్పు.

“ఇవి ఎన్నాళ్ళు పెట్టుకున్నారమ్మా?”

“పన్నెండేళ్ళు.”

నాలుగు రోజులు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని అక్కడే ఆపాడు.

“కాస్త ఎక్కువే పడుతుందమ్మా. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోండి.”

“ఎక్కువంటే ఎంత?”

“నాకూ తెలియదు.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. మొదటిసారి ఎవరో నిజం చెప్పినట్టు కొత్తవి మళ్ళీ ముక్కుమీద పెట్టుకుంది. పాతవి చేతిలో ఉన్నాయి.

“మరి వీటిని పారెయ్యనా?”

అతను వాటిని తీసుకుని గుడ్డతో శుభ్రంగా తుడిచి, మడిచి, తిరిగి ఇచ్చాడు.

“ఉంచుకోండి. పెట్టుకోకండి.”