పాస్టరమ్మగారి గాజు సామాను

మొన్న అరకు బస్టాండులో మా సంఘం పేర ఒక పెట్టె దిగింది. పూర్వం టీ ఆకు రేకు అంచులు కొట్టిన చెక్కపెట్టెల్లో వచ్చేదే, అలాంటిది. దాన్ని ఎక్కించుకుంటూ ఆటోవాడు ఒకసారి గట్టిగా కుదిపి, "తాతా, గాజు సామానన్నారు గానీ లోపల ఏటీ లేనట్టుంది. సప్పుడే లేదు" అన్నాడు. గాజు చప్పుడు చేస్తే కట్టినవాడు వెధవ, చెయ్యకపోతే మనిషి కట్టినట్టు, నువ్వు మళ్ళీ కుదిపితే నేను ఊరుకోను అన్నాను. మూత మీద నల్లరంగుతో ఏవో అక్షరాలున్నాయి. ఈ పెట్టెను పడుచువాడిగా ఉన్నప్పుడు నేనే కావిడి మీద మోశాను. అప్పుడు ఆ అక్షరాలు నాకు చీమల బారు. వయసు మళ్ళాక వయోజన బడిలో కూచుని దిద్దుకున్నాను కాబట్టి ఇప్పుడు చదవగలిగాను. 'గాజు, జాగ్రత్త' అని ఉంది. అంతే. ఆ రెండు మాటలు రాయడానికి ఆ రోజు ఆవిడ చేసిన హడావుడికి, అందులో సగం బైబిలైనా ఉందనుకున్నాను.

ఆవిడంటే మా పాత పాస్టరుగారి భార్య. పోయి ఏడాదయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్పడానికి ఏదైనా వదిలివెళ్ళాలి కదా. పాస్టరుగారు మెత్తని మనిషి, ఆయన గొంతు చర్చిలో వినపడేది గానీ ఇంట్లో వినపడేది కాదు. ఆవిడ కింద పల్లపు దేశం నుంచి పెళ్ళికి వచ్చిన గాజు సామాను తెచ్చుకుంది. లేతాకుపచ్చ రంగు, సన్నటి కాళ్ళున్న గ్లాసులు, ఒక కూజా, పళ్ళు పెట్టుకునే గిన్నె. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేది. వాటిలో ఎవరైనా తాగగా ఈ కొండల్లో చూసినవాడు లేడు. మాకు మాత్రం పెరట్లో గుంజకి ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకటే శరీరం, సోమవారం పొద్దున్నుంచి శనివారం సాయంత్రం దాకా సత్తు గ్లాసు.

మా అక్క ఆ ఇంట్లో గిన్నెలు తోమేది. అక్కకి ఒక్కతే కూతురు, అంటే నా మేనకోడలు. ఊళ్ళో బడి నాలుగో తరగతితో సరి. పై చదువుకి మిషన్ హాస్టల్లో సీటు కావాలి, ఆ సీటుకి పాస్టరమ్మగారు ఒక్క మాట చెప్తే చాలు. అక్క ఆ మాట కోసమే రెండేళ్ళు నోరు మూసుకుని తోమింది. నోరు మూసుకోవడం మా వంశంలోనే లేదు. ఇంతలో పాస్టరుగారికి మైదానంలోకి బదిలీ అయింది. సామాను కట్టే రోజున ఆవిడ కుర్చీ వేసుకుని కూచుని తీర్పు చెప్పింది. "కింద ఇంటికి చేరాక పెట్టె విప్పి చూస్తాను. ఒక్కటి కూడా పగలకపోతే హాస్టలువాళ్ళకి నీ కూతురి సంగతి చెప్తాను. ఒక్కటి పగిలినా మళ్ళీ నన్నడగొద్దు."

కట్టడానికి పాత గుడ్డలు అడిగితే లేవంది. ఉన్నాయి. అవి స్టీలు సామాన్లవాడు వచ్చినప్పుడు గిన్నెలకు మార్చుకోవడానికి. అక్క గుడిసెకి పోయి, పండగలకి దాచుకున్న తన ఎర్రంచు కోక తెచ్చి పర్రుమని చింపింది. నేను కొండ మీంచి సామగడ్డి మోపు తెచ్చి ఎండలో పరిచాను. తడి ఆరని గడ్డి పెట్టెలో ముక్కిపోతుంది. గ్లాసు కడుపులో ముందు మెత్తటి గడ్డి నింపాలి, ఖాళీ ఉంటే గాజు నిలవదు. తరవాత కాడకి గుడ్డ చుట్టాలి, కాలున్న గ్లాసుకి మెడ దగ్గరే చావు. పడుకోబెట్టకూడదు, మూతి కిందికి పెట్టి నిలబెట్టాలి. గిన్నె, కూజా అడుగున. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య, గ్లాసుకీ చెక్కకీ మధ్య ఊక దట్టించాలి. ఇవన్నీ అక్కకి ఎవరూ నేర్పలేదు. ఒక గ్లాసు వెనక తన గుంట, ఆ ఒక్క కూతురి, చదువుంటే ఎవరికైనా తెలుస్తాయి. మూత పెట్టాక చెవి ఆనించి నన్ను పెట్టె ఊపమంది. ఎక్కడో సన్నగా టిక్కుమంది. మొత్తం విప్పి మళ్ళీ మొదలెట్టింది. నాకు విసుగొచ్చి, "ఏటక్కా, ఇది గాజా, పసిబిడ్డా?" అన్నాను. "బిడ్డే, ఊపు" అంది.

కావిడిలో పెట్టుకుని స్టేషను దాకా నేను నడిచిన నడక నా పెళ్ళినాడు కూడా నడవలేదు. రైలు కొండ గుహల్లోంచి పోయింది. అక్క ఆ వేసవంతా ఎదురుచూసింది. బడులు తెరిచారు, మాట రాలేదు. స్త్రీల మీటింగుకి మైదానం పోయి అడిగితే, "ఇంకా విప్పలేదమ్మా, ఈ ఇల్లు ఇరుకు" అంది. మరుసటేడు అడిగితే, "మళ్ళీ బదిలీ అంటున్నారు, విప్పడం దేనికని ఉంచేశాం" అంది. పోనీ విప్పకుండానే చెప్పండమ్మగారూ అని అక్క కాళ్ళు పట్టుకుంటే ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేదు. "చూడకుండా ఎలా చెప్పను? అబద్ధం ఆడమంటావా?" అబద్ధమంటే అంత భయం. పిల్ల బతుకు తొక్కడమంటే లేదు. ఆవిడ సత్యసంధత పుణ్యమా అని మా మేనకోడలు ముంచింగిపుట్టు సంతలో పసుపు మోసి, పెళ్ళి చేసుకుని, ఇప్పుడు బొర్రా గుహల దగ్గర టీ బడ్డీ నడుపుతోంది. పొద్దస్తమానం గ్లాసులు కడుగుతుంది.

నాలుగు రోజుల కిందట ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ గుర్తుగా మీ సంఘానికి పంపుతున్నాం, అంకుల్" అన్నాడు. ఫ్లాటులో చోటు చాలక బయట పడేసేదాన్ని పట్నంలో గుర్తు అంటారు కాబోలు. సంఘపెద్దను నేనే, పెట్టె విప్పాల్సింది నేనే. ఆటోను చర్చికి పోనివ్వకుండా అక్క ఇంటికి తిప్పించి, మేనకోడలిని బేగి రమ్మని పిలిచాను.

మేకులు పీకి మూత తీస్తే పైకి లేచిన వాసన నాకు తెలుసు. సామగడ్డి. గోధుమరంగుకి తిరిగింది గానీ ఒక్క పరక కూడా కదల్లేదు. పైన ఊక, కింద ఎర్రంచు గుడ్డ. ఆవిడ జన్మలో ఆ పెట్టె విప్పలేదు. మేనకోడలు ఒక మూట బయటికి తీసి చూసి, "అమ్మా, ఇది నీ కోక కదేటి?" అంది. అక్కకి చూపు తగ్గింది. వేళ్ళతో తడిమి, ముడి దగ్గర ఆగింది. "నా ముడే" అని, "ఒక్కటైనా పగిలిందేటి?" అని అడిగింది.

మేనకోడలు ఒక్కొక్కటే విప్పి, బడ్డీలో చూసుకున్నట్టే గోటితో మీటి వింది. అన్నీ ఖంగుమన్నాయి. "లేదమ్మా. ఒక్కటీ పగల్లేదు."

"మరైతే ఆవిడికి సెప్పండి" అంది అక్క. "గుంటకి సీటిమ్మని సెప్పండి."

నేను నవ్వబోయాను. అక్క ముఖంలో నవ్వు లేదు. తల నెరిసిన ఆ గుంట లోపలికి పోయి, చోడంబలి, అదే రాగి అంబలి, కుండ తెచ్చి, పాస్టరమ్మగారి గ్లాసుల్లో పోసి మా చేతుల్లో పెట్టింది. "తాగు మావా. సంఘానికి రేపిద్దాం, ఎంగిలి చేసి" అంది. ఒక గ్లాసు పట్టుమని రెండు గుక్కలు లేదు. ఇందుకా అనుకున్నాను. ఎండలో పెడితే నిన్న కొన్నట్టు మెరిసిపోతున్నాయి. ఆ గడ్డిలో ఉన్నవాటికి ఒక్కరోజు వయసు కూడా రాలేదు. వచ్చిందంతా బయట ఉన్న మాకే వచ్చింది.