నాన్న పేరుతో వచ్చిన మెయిలు

ఇనుప ఖనిజం లారీలు తెరిపి లేకుండా నడిచిన ఆ రోజుల్లో మా నాన్నకు ఒక లారీ ఉండేది. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. తోరణగల్లు అవతల గనుల్లో లోడు ఎత్తుకుని, ఘాట్ రోడ్డు దిగి, కార్వార్ వైపు రేవుకు చేర్చేవాడు. లోడు వివరాలు ట్రాన్స్‌పోర్టు వాళ్లు మెయిల్లో పంపడం మొదలుపెట్టాక, డిగ్రీ చదువుతున్న నేను ఆయన పేరుమీద ఒక మెయిల్ ఖాతా తెరిచాను. మా ఊరి కంటోన్మెంట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఇంటర్నెట్ సెంటరు ఉండేది. కాలేజీ నుంచి వస్తూ అక్కడ మెయిల్ చూసి, ఆయనకు ఫోన్లో చదివి వినిపించేదాన్ని. జవాబులూ నేనే రాసేదాన్ని. తోటి డ్రైవర్ల దగ్గర ఆయన నన్ను "మా ఆఫీసరమ్మ" అని చెప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం మామ చెమటలు కక్కుతూ మా ఇంటికి వచ్చాడు. మామ అంటే చుట్టం కాదు. కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరి పండించే రైతు. ఖనిజం మోతకు రాకముందు నాన్న ఆయన వడ్లు మిల్లుకు తోలేవాడు. అప్పటి స్నేహం. ఆయన చేతిసంచిలో రెండు పంచెలు, ఒక దుప్పటి, బ్రెడ్డు ప్యాకెట్టు ఉన్నాయి.

"అమ్మాయ్, నాన్నను ఏ ఆసుపత్రిలో చేర్చారో తెలిసిందా?"

అమ్మ పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చింది. "ఆసుపత్రి ఏందన్నా? ఆయన లోడు దింపేకి పోయినాడు గదా!"

మామ కంగారుగా విషయం చెప్పాడు. పొద్దున నాన్న పేరుతో మెయిల్ వస్తే మామ కూతురు చదివిందట. ఘాట్‌లో యాక్సిడెంట్ అయింది, ఆసుపత్రిలో ఉన్నాను, ఫోనూ పర్సూ పోయాయి, ఈ అకౌంటుకు వెంటనే డబ్బు పంపండి, ఫోన్ చేయొద్దు, మెయిల్లోనే జవాబివ్వండి అని అందులో ఉందట. నాన్న ఫోన్ కలవకపోయేసరికి మామ దొరికిన బస్సు ఎక్కేశాడు.

"నిన్న పొద్దున మాట్లాడినాడు. మళ్లీ ఫోన్ కలుస్తా లేదు," అంటూ అమ్మ గడప మీద కూలబడింది.

నాకు వెంటనే ఒక సంగతి గుర్తొచ్చింది. వారం కిందట ఆ ఖాతాకు ఒక మెయిల్ వచ్చింది. మీ ఖాతా మూతపడబోతోంది, నిలవాలంటే పేరూ పాస్‌వర్డూ పంపండి అని. చూడ్డానికి కంపెనీవాళ్లు రాసినట్టే ఉంది. ఆలోచించకుండా పంపేశాను. ఖాతా కాపాడానని గర్వపడ్డాను కూడా. ఇప్పుడు చెబితే ఏమంటారో అని భయం. నిజంగానే నాన్నకు ఏమైనా అయిందేమోనని అంతకన్నా పెద్ద భయం. చివరికి ఏడుస్తూనే అంతా చెప్పేశాను.

మామ తిట్టలేదు. జేబులోంచి కూతురు రాసిచ్చిన కాగితం తీశాడు. "చూడు, 'డియర్ సర్' అని ఉంది. మీ నాన్న నన్నెప్పుడైనా సర్ అన్నాడా? 'ఏమప్పా, వడ్లు బాగుండాయా, నువ్వు బాగుండావా' అంటాడు. ముందు వడ్లు, తర్వాతే నేను!"

అమ్మ ఏడుపులోనే నవ్వింది.

"అయినా మనిషి సంగతి తెలిసేదాకా మనసు నిలవదు. పదమ్మా," అని మామ నన్ను హొసపేట రోడ్డులో లారీలు ఆగే చోటికి తీసుకెళ్లాడు. రేవు నుంచి తిరిగొచ్చిన డ్రైవర్లను ఒక్కొక్కరినే అడిగాం. మూడో ఆయన గుర్తుపట్టాడు.

"తెల్లవారుజామున ఘాట్ కాడ చూస్తిని కదప్పా! లారీ ఒకటి అడ్డం పడి అంతా జామ్ అయింది. ఆడ సిగ్నల్ లేదు. టీ అంగడిలో కూర్చోని అందరికీ కతలు చెప్తా ఉండాడు."

మామ అక్కడే ఒక రాయి మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకున్నాడో, కళ్లు తుడుచుకున్నాడో నేను చూడలేదు. "ఎదవ, కతలు చెబుతున్నాడంట," అన్నాడు.

అక్కడి నుంచి ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తాం. ఖాతాలోని అడ్రసులన్నింటికీ అదే మెయిల్ పంపి, దొంగ అప్పటికే పాస్‌వర్డ్ మార్చేశాడు. సెంటరు యజమాని ఖాతా తిరిగి అడిగే ఫారం తెరిచి నా చేత నింపించాడు. ఈలోగా మామ నంబర్లు రాసుకున్న నా నోటుపుస్తకం చూసి నాన్నకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. స్పేర్ పార్టుల అంగడాయన అప్పటికే బ్యాంకు క్యూలో ఉన్నాడు. "చీటీ కూడా నింపేసినానే!" అని అక్కడే చించేశాడట.

సాయంత్రం సిగ్నల్ దొరికి నాన్నే ఫోన్ చేశాడు. అమ్మ ఆయన గొంతు విని, "తింటివా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు మామా నేనూ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం. పాస్‌వర్డ్ అంటే ఏమిటో నేను చెబుతుంటే, ఫిర్యాదులు రాసే రైటరు ఓపిగ్గా కన్నడంలో రాసుకున్నాడు. దొంగ దొరకలేదు కానీ, రెండు రోజులకు ఖాతా చేతికొచ్చింది.

నాన్న ఇంటికొచ్చిన రోజు నేను ఎదురుపడలేకపోయాను. ఆయనే పిలిచాడు.

"తప్పు నీది కాదు, మోసం జేసి అడిగినోనిది మా. నువ్వు దాచిపెట్టింటే ఏమయ్యుండు? అంగడాయన దుడ్డు పోతాండె. చెప్తివి గదా, అంతే చాలు."

ఇంకెవరు అడిగినా, కంపెనీవాళ్లమని చెప్పుకున్నా, పాస్‌వర్డ్ ఇవ్వకూడదని ఆయనకు వివరించాను. అయితే కొత్తది తానే పెడతానని పట్టుబట్టి నాతో సెంటరుకు వచ్చాడు. యజమానిని అటు తిరగమన్నాడు. కీబోర్డు మీద తువ్వాలు కప్పి, దాని కింద తల దూర్చి, ఒక్క వేలితో అక్షరాలు వెతకసాగాడు. దొరికిన ప్రతి అక్షరాన్నీ సెంటరంతా వినపడేలా పైకి చదువుతున్నాడు. నేను నవ్వాపుకోలేక ఆయన నోటికి చెయ్యి అడ్డుపెట్టాను. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.